ఏడాది నిండని కుక్కను పంది మీదికి వదలకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ పత్రికలో పాఠకుల ప్రశ్నల దగ్గర ఒక అబ్బాయి ఉత్తరం చదివాను. తన దగ్గర ఆరు నెలల వేటకుక్క పిల్ల ఉందని, దాన్ని అడవిపంది వేటకు ఎప్పుడు తీసుకెళ్లాలని అడిగాడు. తర్వాతి వారం ఇంకో పాఠకుడు జవాబు రాశారు. "ఇప్పుడే తీసుకెళ్లు. ఒక పందిని కట్టేసి దాని ముందు వదులు. ఒకసారి దెబ్బ తింటే అదే నేర్చుకుంటుంది" అని. ఆ మూడు వాక్యాలు చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఆ అబ్బాయి ఆ మాట విని పిల్లను తీసుకెళ్లి ఉంటాడేమో అని టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

నేను 29 ఏళ్లుగా పంది వేటకు కుక్కల్ని తయారుచేస్తున్నాను. అంతకుముందు మా నాన్న చేసేవారు, ఆయన చేతి కిందే నేర్చుకున్నాను. ఇప్పటికి నా చేతుల మీదుగా పెరిగిన కుక్కలు నలభైకి తక్కువ ఉండవు. ముందే ఒక మాట చెప్పాలి. అడవిపందిని వేటాడడం అన్నిచోట్లా చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్న చోట కూడా కుక్కలతో వెళ్లడానికి వేరే షరతులు ఉండొచ్చు. చట్టప్రకారం అనుమతి ఉన్నవాళ్లను ఉద్దేశించే ఇదంతా రాస్తున్నాను. అనుమతి లేనివాళ్లు కుక్కను పెంచుకోండి, నేర్పండి, అడవి జోలికి మాత్రం వెళ్లకండి.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు నల్లోడు అని ఒక మగకుక్క ఉండేది. ఛాతీ వెడల్పు, కాళ్లు పొడుగు. ఏ కొత్త చప్పుడు విన్నా వెనక్కి తగ్గేది కాదు, ఎదురు వెళ్లేది. ఎనిమిది నెలలకే చూసేవాళ్లకు రెండేళ్ల కుక్కలా కనిపించేది. మా నాన్న ఊళ్లో లేని రోజున నేను దాన్ని పెద్ద కుక్కలతో కలిపి తీసుకెళ్లాను. కుక్కలు పొదలో పందిని నిలబెట్టాయి. మిగతావి నాలుగు వైపులా దూరం ఉంచి మొరుగుతుంటే నల్లోడు నేరుగా ముందు నుంచి వెళ్లి చెవి పట్టుకోబోయింది. అది ఎదిగిన మగపంది. తల ఒక్కసారి కింది నుంచి పైకి విసిరింది, అంతే. కుక్క అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

దగ్గరికి తీసుకుని చూస్తే ముందుకాలు వెనక చిన్న చిల్లు. నా చిటికెన వేలు కూడా పట్టదు. పర్వాలేదనుకున్నాను. కడిగి, గుడ్డ కట్టి ఇంటికి తెచ్చాను. సాయంత్రానికి ఆ వైపంతా పొంగి, ముట్టుకుంటే చర్మం కింద గాలి కదిలినట్టు చిటపటలాడింది. పశువుల డాక్టరు వెంట్రుకలు గొరిగి, చిల్లును పెద్దది చేసి చూస్తే లోపల చర్మానికీ కండకూ మధ్య నా అరచెయ్యి దూరేంత సంచి. పంది కోర పొడిచి ఊరుకోదు, లోపలికి దూరాక తల తిప్పుతుంది కాబట్టి పైన కనిపించేదానికీ లోపల జరిగినదానికీ పొంతన ఉండదు. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

ఐదు వారాల్లో గాయం మానింది. కుక్క మాత్రం మానలేదు. పంది వాసన తగిలితే చాలు, నేలకు కరుచుకుపోయి వణికేది. ఒకసారి వేట నుంచి వచ్చి నా చెప్పులు గుమ్మం దగ్గర విడిస్తే, వాటిని చూసి మంచం కిందికి దూరింది. పన్నెండేళ్లు బతికింది. నేనే చూసుకున్నాను. మళ్లీ ఒక్కరోజు కూడా అడవికి తీసుకెళ్లలేదు. మా నాన్న తిరిగి వచ్చాక నన్ను తిట్టలేదు. కుక్క నోరు తెరిచి చూసి, "దీని పళ్లు ఇంకా కొత్తవే కదమ్మా" అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. కుక్కపిల్లకు 28 పాలపళ్లు ఉంటాయి. నాలుగో నెల దగ్గర నుంచి అవి ఊడి, ఆరేడు నెలలకల్లా 42 అసలు పళ్లు వస్తాయి. ఆ మధ్యకాలమంతా చిగుళ్లు సలుపుతూ ఉంటాయి. అప్పుడు గట్టిదేదైనా లాగించినా, కరిపించినా నొప్పికీ ఆ పనికీ ముడి పడిపోతుంది. పళ్లు వచ్చాయి కదా అనుకుంటే ఎముకలు ఇంకా సిద్ధంగా ఉండవు. పెద్ద జాతి కుక్కల్లో కాలి ఎముకల చివర్లు పెరగడం ఆగి గట్టిపడేసరికి ఏడాది, కొన్నిటికి ఏడాదిన్నర పడుతుంది. ఈలోగా బండరాళ్ల మీద నుంచి దూకించి, గంటల తరబడి పరుగెత్తిస్తే కీళ్లు పాడవుతాయి. ఆ పాడు నాలుగేళ్ల తర్వాత కుంటుగా బయటపడుతుంది. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. ఇక బుర్ర సంగతి. ఎనిమిది నెలల కుక్క మనుషుల్లో పద్నాలుగేళ్ల పిల్లాడి లాంటిది. ధైర్యం ఉంటుంది, దూరం కొలవడం తెలియదు. పంది ముందు దూరం కొలవడం తెలియని కుక్క నిలవదు.

"ఒక దెబ్బ తింటే నేర్చుకుంటుంది" అన్న మాటలో అసలు తప్పు ఇక్కడే ఉంది. దెబ్బతో కుక్క ఏదో ఒకటి నేర్చుకుంటుంది, నిజమే. ఏం నేర్చుకుంటుందో మన చేతిలో ఉండదు. నల్లోడు పంది అంటే చావు అని నేర్చుకున్నాడు. ఇంకో కుక్క నొప్పికి తెగించి ఇంకా మొండిగా మీదపడడం నేర్చుకుంటుంది. అది రెండో వేటలోనో మూడో వేటలోనో కడుపు చీలి పోతుంది. అలా పోయినవాటిని చూశాను.

మరి మొదటి ఏడాది ఏం చేయాలి? ఆ అబ్బాయి అసలు అడగాల్సిన ప్రశ్న ఇది.

పిల్ల మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా చూసినవీ, విన్నవీ దాని మనసులో స్థిరపడిపోతాయి. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని పెంచి, గమనించి 1965లో ఈ సంగతి వివరంగా రాశారు. మా నాన్న వాళ్ల పేర్లు విని ఉండరు, కానీ ఆయన చేసిందీ అదే. ఎనిమిది వారాల పిల్లను చంకలో పెట్టుకుని ట్రాక్టరు దగ్గరికి, వాగు ఒడ్డుకి, పశువుల కొట్టం దగ్గరికి, పిల్లలు ఆడుకునే చోటికి తిప్పేవారు. ఒక్క జాగ్రత్త ఉంది. టీకాలు పూర్తికాని పిల్లను వేరే కుక్కలు మసలిన నేల మీద దించకూడదు. పార్వో అనే అంటుజబ్బు ఎత్తుకుపోతుంది. ఆరేడు వారాల నుంచి పదహారు వారాల దాకా డాక్టరు చెప్పిన వరసలో సూదులు పడాల్సిందే.

తర్వాత వచ్చేది నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పాఠం. పిలిస్తే వెనక్కి రావడం. పందిని ఎలా పట్టాలో వేటకుక్కకు నేర్పక్కర్లేదు, అది దాని రక్తంలోనే ఉంది. వదిలేసి రావడం మాత్రం రక్తంలో లేదు, మనమే పెట్టాలి. నేను ఈల వాడతాను. గొంతు అయితే కోపం, భయం, అలసట అన్నీ అందులోకి వచ్చేస్తాయి, ఈల ఎప్పుడూ ఒకేలా పలుకుతుంది. మొదటి రెండు నెలలూ తిండి పెట్టే ముందు మాత్రమే ఈల వేస్తాను. పిల్ల పరుగున వస్తుంది, గిన్నె దొరుకుతుంది. తర్వాత పది గజాల తాడు కట్టి ఆరుబయట అదే పని. ఆ తర్వాత ఆటలో ఉండగా, ఇంకో కుక్కతో కలిసి ఉండగా, ఎముక కొరుకుతుండగా. వచ్చిన ప్రతిసారీ మెచ్చుకోలు, ఇష్టమైన ముక్క, మళ్లీ ఆటకు వదిలేయడం. ఈ మూడోది చాలామంది చెయ్యరు. పిలిస్తే ఆట అయిపోయినట్టే అని కుక్కకు తెలిసిందంటే ఇక రాదు.

ఇంకో సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పిలిచి కొట్టకండి. కుక్క ఏదైనా తప్పు చేసి, గంట తర్వాత మీరు పిలిస్తే వచ్చిందనుకోండి, అప్పుడు కొడితే అది తప్పు చేసినందుకు అనుకోదు. వచ్చినందుకు అనుకుంటుంది. అలా చెడిపోయిన కుక్కను బాగుచేయడానికి నాకు ఒకసారి పద్నాలుగు నెలలు పట్టింది.

పందిని తప్ప మిగతా జీవాల్ని పట్టించుకోకపోవడం రెండో పాఠం. ఆవులు, మేకలు, గొర్రెలు, కోళ్లు, జింకలు, కుందేళ్లు. ఇక్కడ చూపు దగ్గరే ఆపాలి. కుక్క మేకను చూసి చెవులు నిక్కించి, తోక గట్టిపడి, ఒక కాలు ఎత్తి నిలబడుతుంది చూడండి, ఆ క్షణంలో "వద్దు" అని తాడు తిప్పి పక్కకు నడవాలి. ఉరికాక ఆపితే లాభం లేదు, ఉరకడంలోని సుఖం అప్పటికే దానికి అందేసింది. నేను వారానికి నాలుగు రోజులు పిల్లను మంద పక్కన తాడుతో నడిపిస్తాను. మొదట వంద గజాల దూరంలో, తర్వాత యాభై, తర్వాత పక్కనే. మందను చూసి ఆవులించి కూర్చున్న రోజున ఆ పాఠం అయిందని లెక్క. ఒక మేకను చంపిన వేటకుక్క ఎంత పనిమంతురాలైనా నేను ఉంచుకోను. పక్కవాళ్ల బతుకుతెరువు మీద మన వేట నడవకూడదు.

వాసన పని ఆటలాగే నేర్పొచ్చు. ఎండిన పంది చర్మం ముక్కను తాడుకు కట్టి గడ్డిలో ఈడ్చుకుంటూ పోయి చివర్లో దాచిపెడతాను. మొదట ఇరవై గజాలు, గాలి ఎదురుగా వచ్చేలా. నెల తర్వాత మలుపులు, వాగు దాటడం, రెండు గంటలు ఆగి మొదలుపెట్టడం. ఆ చర్మం ఎండిందే అయినా నమ్మకమైన, జబ్బులేని పందిదే కావాలి. దీని గురించి కింద మళ్లీ చెబుతాను. ఈ ఆటలో కుక్క స్వభావం కూడా తెలుస్తుంది. కొన్ని ముక్కు నేలకు ఆనించి జాడ వెంట పోతాయి, కొన్ని తల ఎత్తి గాలిలో పట్టుకుంటాయి. రెండూ మంచివే. ఒకదాన్ని ఇంకోదానిలా మార్చాలని చూడకండి.

మెడపట్టీకి అమర్చే జీపీఎస్, ఛాతీకీ మెడకూ కట్టే కవచం కూడా పది నెలల నుంచే ఇంట్లో తొడిగి అలవాటు చేయాలి. కవచం బరువు, వేడి. మొదటిసారి వేట రోజే తొడిగితే కుక్క దాన్ని విదిలించుకోవడంలో ఉంటుంది, పంది దాని మీదికి వస్తుంది.

ఇక మొదటి పంది. చిట్టి అనే ఆడకుక్క సంగతి చెబుతాను. దానికి అప్పుడు పద్నాలుగు నెలలు. దానితో పాటు గౌరిని తీసుకెళ్లాను. గౌరికి తొమ్మిదేళ్లు, ఒంటి మీద మూడు పాత మచ్చలు, అనవసరంగా ఒక్క అడుగు వెయ్యని కుక్క. ఇంకే కుక్కనీ తేలేదు. మందలో ఉంటే కొత్త కుక్కకు మంద ధైర్యం వస్తుంది, అది సొంత ధైర్యం కాదు. తెల్లవారుజామున చల్లగా ఉండగానే బయలుదేరాం. గౌరి నలభై నిమిషాల్లో ఒక చిన్న పందిని, ఏడాది కూడా నిండనిదాన్ని, పడిపోయిన చెట్టు మొదలుకు ఆనించి నిలబెట్టింది. దాన్ని ముట్టుకోలేదు. రెండు గజాల దూరంలో నిలబడి ఒకే వరసలో మొరుగుతోంది. చిట్టి దాని వెనక చేరి, మొదట గొంతు కూడా పెగలక, తర్వాత గట్టిగా అందుకుంది. పంది ఒక్కసారి ముందుకు ఉరికింది. గౌరి పక్కకు అడుగు వేసింది. చిట్టి గౌరిని చూసి తనూ పక్కకు దూకింది. పంది మళ్లీ చెట్టుకు ఆనుకుంది. ఆ ఒక్క అడుగు నేను ఏడాదంతా చెప్పినా నేర్పలేనిది. పెద్ద కుక్క ఒక్క క్షణంలో నేర్పింది.

మూడు నాలుగు నిమిషాలు కాగానే ఈల వేశాను. గౌరి వెంటనే వచ్చింది. చిట్టి ఒకసారి పంది వైపు, ఒకసారి నా వైపు చూసింది. రెండో ఈలకు వచ్చేసింది. నా మోకాళ్లకు తల ఆనించి ఊగిపోతోంది సంతోషంతో. పంది పొదల్లోకి వెళ్లిపోయింది. నాతో వచ్చిన ఇద్దరు మగవాళ్లకు కోపం వచ్చింది, చేతికందిన పందిని వదిలేశానని. వాళ్లకు ఆ రోజు పంది కావాలి, నాకు పదేళ్లు పనిచేసే కుక్క కావాలి. ఇంకా చేయాలన్న ఆశతో కుక్క ఇంటికి రావాలి, అలసిపోయో దెబ్బ తినో కాదు. చిట్టి తర్వాత ఎనిమిదేళ్లు వేటకు వచ్చింది. కుట్లు పడ్డది రెండేసార్లు.

నేను మొరిగి నిలబెట్టే కుక్కల్నే తయారుచేస్తాను, మీదపడి పట్టుకునేవాటిని కాదు. పట్టు కుక్కల్ని పెంచేవాళ్లతో నాకు చాలాసార్లు వాదన జరిగింది. వాళ్లు చెప్పేదానిలో కొంత నిజం ఉంది. పందిని పట్టి ఉంచితే వేటగాడు దగ్గరికి వెళ్లి దాని బాధ తొందరగా ముగించగలడు. కానీ ఎదిగిన మగపందికి భుజాల మీద డాలులా గట్టిపడిన పొర ఉంటుంది. కింది కోరలు పై కోరలకు రాసుకుని ఎప్పుడూ పదునుగానే ఉంటాయి. అలాంటిదాన్ని నోటితో పట్టుకోమని కుక్కకు నేర్పడానికి నా మనసు ఒప్పుకోదు. ఆడపందిని తక్కువ అంచనా వేసేవాళ్లు కూడా ఉన్నారు. దాని కోరలు చిన్నవే గానీ అది కరుస్తుంది, పిల్లలు ఉన్నప్పుడు వదలదు.

ఇక కట్టేసిన పంది సంగతి. కాళ్లు కట్టేసిన జీవిని పిల్లకుక్క ముందు పడేయడం క్రూరత్వం, చాలాచోట్ల నేరం కూడా. ఆ పంది నోరు లేనిది కాబట్టి దాని తరఫున నేను అంటున్నాను, అలా చేయకండి. అది పాఠంగా కూడా పనికిరాదు. కట్టేసిన పంది ఉరకదు, తిరగదు, తల విసరదు. దాని దగ్గర గెలిచిన కుక్క అడవిలో అసలు పంది ముందుకు అదే నమ్మకంతో వెళ్తుంది. ఇరుకు దొడ్లో పందిని కట్టకుండా వదిలినా తప్పించుకునే దారి లేక అది తెగించి పోరాడుతుంది, అది పిల్లకు ఇంకా ప్రమాదం. జర్మనీలో దీనికోసం చెట్లూ పొదలూ ఉన్న విశాలమైన స్థలానికి కంచె కట్టి, కుక్కలకు అలవాటుపడిన పందుల్ని ఉంచుతారు. శిక్షకుడు పక్కనే ఉంటాడు. పందికి పక్కకు పోయే చోటు ఉంటుంది, కుక్క మితిమీరితే వెంటనే ఆపేస్తారు. అలాంటి ఏర్పాటు లేనివాళ్లకు పెద్ద కుక్క ఒక్కటే గురువు. అది కూడా లేకపోతే అనుభవం ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి అడగండి, సిగ్గుపడే పని కాదు.

జబ్బుల గురించి పైన చెబుతానన్నాను. కుక్కకు పచ్చి పందిమాంసం, పేగులు పెట్టొద్దు. పెడితే వేట మీద ఆశ పెరుగుతుందని కొందరు అంటారు. ఔయెస్కీ జబ్బు అని ఒకటి ఉంది, 1902లో హంగరీ డాక్టరు ఒకాయన దాన్ని గుర్తించారు. పందికి అంతగా కనిపించదు. కుక్కకు వస్తే పిచ్చిదురద పుట్టి, ఒళ్లు కొరుక్కుని, రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. మందు లేదు. బ్రుసెల్లా అనే సూక్ష్మజీవి పంది రక్తం నుంచి మనుషులకూ అంటుతుంది, కాబట్టి కోసేటప్పుడు చేతి తొడుగులు ఉండాలి. వాగునీళ్ల ద్వారా వచ్చే లెప్టోస్పైరా అనే ఇంకో సూక్ష్మజీవికి కుక్కకు టీకా ఉంది, వేయించండి.

దెబ్బలే కాదు, వేడి కూడా కుక్కల్ని తీసుకుపోతుంది. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు, రొప్పడమే దానికి దారి. మామూలుగా దాని ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీలు. 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. నాలుక వెడల్పుగా చాచి, చిగుళ్లు ఎర్రబడి, కాళ్లు తడబడుతుంటే వేట అక్కడే ఆపి నీళ్లతో ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేసి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ముందు చల్లబరచడం, తర్వాతే ప్రయాణం. పిల్లకుక్కకు ఆగడం తెలియదు, మనమే ఆపాలి. కడుపు చీలి పేగు బయటికి వస్తే లోపలికి నెట్టకండి. శుభ్రమైన తడిగుడ్డ కప్పి, వదులుగా కట్టి తీసుకెళ్లండి. చిన్న చిల్లును నమ్మకండి, నల్లోడి సంగతి ఇందాకే చెప్పాను.

సంపాదకులకు నా విన్నపం. ఆ జవాబు ఎక్కడ వేశారో ఈ ఉత్తరం కూడా అక్కడే వేయండి, వీలైతే ఈ వారమే. ఆ అబ్బాయి పిల్ల ఇప్పుడు ఏడో నెలలో ఉంటుంది. బాబూ, నువ్వు ఇది చదువుతుంటే, ఇంకా తీసుకెళ్లి ఉండకపోతే, ఈ సాయంత్రం దాని నోరు తెరిచి వెనకపళ్లు పూర్తిగా వచ్చాయో లేదో చూడు. తర్వాత ఒక ఈల కొనుక్కో. ఇప్పటికే తీసుకెళ్లి దెబ్బ తగిలి ఉంటే, దాన్ని ఎవరికీ ఇచ్చేయకు. పత్రిక ద్వారా నాకు రాయి. ఎలా చూసుకోవాలో నాకు తెలుసు, పన్నెండేళ్లు చూసుకున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు